మిర్చి లెక్కలు, నల్ల తెర, ఎస్‌క్యూలైట్: మీ చిట్కాలు కూడా చెప్పండి

ఓరుగల్లు_టెర్మినల్ (హన్మకొండ), శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ప్రోగ్రామర్ని, ఇంటి నుంచే పని. రోజంతా డేటాబేస్‌లతోనే గడుస్తుంది. అయినా ఈ పని అంటే నాకు ఇంత ఇష్టం ఎందుకో పోయిన వారం మా మేనమామ దుకాణంలో కూర్చున్నప్పుడు మళ్లీ తెలిసొచ్చింది. అందుకే రాస్తున్నాను.

మామకు ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణం ఉంది. ఇప్పుడు మిర్చి సీజన్ కదా, యార్డులో ఎటు చూసినా బస్తాలే, గాలి పీలిస్తే దగ్గు. రాత్రి దుకాణం కట్టేసే ముందు మామ అడిగాడు: "అల్లుడూ, పరకాల దిక్కు నుంచి మనకు మాల్ తగ్గినట్టు కొడుతుంది. నిజమేనా, నాకే అట్ల అనిపిస్తుందా?" గుమస్తా 2015 నుంచి ఏడాదికో ఎక్సెల్ ఫైల్ రాసి పెట్టాడు. అన్నీ ఉన్నాయి, కానీ మామ అడిగినదానికి జవాబు ఏ ఒక్క ఫైల్లోనూ లేదు.

అన్నిటినీ సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) మార్చి, కలిపి, నల్ల తెర మీద, అంటే టెర్మినల్‌లో, ఈ ఒక్క లైను కొట్టాను. (కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి.)

`కట్ -డి, -ఎఫ్3 మిర్చి.సీఎస్‌వీ | సార్ట్ | యూనిక్ -సి | సార్ట్ -ఎన్‌ఆర్`

మూడో గడిలో ఊరి పేరు ఉంటుంది. దాన్ని కోసి, వరసలో పెట్టి, ఒకే రకం పేర్లను లెక్కేసి, ఎక్కువ ఉన్నది పైకి తెచ్చాం. వచ్చిన దాంట్లో కొంత ఇది:

`212 నడికూడ`
`187 కమలాపూర్`
`64 నడికుడ`
`41 కమలాపూర్`
`9 నడి కూడ`

తొమ్మిదేళ్ల లెక్కల్లో ఏం తేడా ఉందో ఒక్క క్షణంలో కళ్లముందుకు వచ్చింది. నడికూడను గుమస్తా మూడు రకాలుగా రాశాడు, అది అర్థమైంది. కమలాపూర్ రెండుసార్లు ఎందుకు వచ్చిందో మాత్రం పట్టుకోలేకపోయాను. వెనుక ఖాళీ జాగా ఉందేమో అని చూశాను, లేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మీకు నచ్చిన చిట్కాలు కూడా రాయండి.

కాజీపేట_స్టూడెంట్, శనివారం రాత్రి 10:05

అన్నా, నేను బీటెక్ చివరి ఏడాది. రెండు డౌట్లు. సార్ట్ రెండుసార్లు ఎందుకు? ఇదే పని ఎక్సెల్ పివట్ టేబుల్‌తో అయిపోతుంది కదా, టెర్మినల్ ఎందుకు?

ఓరుగల్లు_టెర్మినల్, శనివారం రాత్రి 10:31

మంచి ప్రశ్నలు తమ్మీ. యూనిక్ ఫైల్ మొత్తాన్ని గుర్తు పెట్టుకోదు. పై లైను, కింది లైను ఒకటేనా అని మాత్రమే చూస్తుంది. పరకాల, నడికూడ, మళ్లీ పరకాల అని ఉంటే పరకాలను రెండు వేర్వేరు గుంపులుగా లెక్కేస్తుంది. అందుకే ముందు ఒక సార్ట్. చివరి సార్ట్ లెక్కల మీద, పెద్ద సంఖ్య పైకి రావడానికి. మొదటి సార్ట్ మర్చిపోతే ఎర్రర్ ఏమీ రాదు, తప్పు లెక్క వస్తుంది. అందుకే దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకో.

మధ్యలో ఉన్న ఆ నిలువు గీత, పైప్, నాకు చాలా ఇష్టమైన విషయం. ఆలోచన డగ్ మెక్ఇల్‌రాయ్‌ది. 1973లో కెన్ థాంప్సన్ దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అయిన యూనిక్స్‌లో పెట్టాడు. మన యార్డులో పని నడిచేది కూడా ఇట్లాగే. హమాలీ బస్తా దింపుతాడు, దడ్వాయి తూకం వేస్తాడు, గుమస్తా తక్‌పట్టీ (అమ్మకం చీటీ) రాస్తాడు. ఎవరి పని వాళ్లదే, ముందువాడి చేతి నుంచి వెనుకవాడి చేతికి పోతుంది. కట్‌కు లెక్కపెట్టడం తెలియదు, యూనిక్‌కు వరస పెట్టడం తెలియదు, కలిస్తే మామ ప్రశ్నకు జవాబు.

పివట్ టేబుల్‌తో తప్పేం లేదు. కానీ తొమ్మిది ఫైళ్లకు తొమ్మిదిసార్లు మౌస్ పట్టాలి. వచ్చే ఏడాది మళ్లీ పట్టాలి. ఈ లైనును ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే ఇక అంతే.

జమ్మికుంట_లెక్కలు, శనివారం రాత్రి 11:12

ఎక్సెల్ మాట వచ్చింది కాబట్టి నా అనుభవం చెప్తాను. నేను పత్తి లెక్కలు చూస్తాను. ఒక చోట రైతుల బ్యాంకు ఖాతా నంబర్లు ఎక్సెల్‌లో నేరుగా కొట్టారు. ఎక్సెల్ సంఖ్యల్లో 15 అంకెలే నిలుస్తాయి, ఆ తర్వాత ఉన్న ప్రతి అంకె సున్నా అయిపోతుంది. 16, 17 అంకెల ఖాతాలున్న వాళ్ల డబ్బులు వెనక్కి వచ్చాయి. ఆ రైతులు వారం రోజులు మా చుట్టూ తిరిగారు. వాళ్లకు ఏమని చెప్పాలి? అప్పటి నుంచి నంబరు రాసే గడిని ముందే టెక్స్ట్‌గా మార్చకుండా ఎవరినీ కొట్టనివ్వను. ముందు సున్నా ఉన్న నంబర్లదీ ఇదే కథ, ఆ సున్నా మాయమైపోతుంది.

తమ్ముడు రాసిన కట్ కమాండ్‌కు ఒక హెచ్చరిక. మొత్తాన్ని "1,25,000" అని కామాలతో రాసే అలవాటు మనది. సీఎస్‌వీలో అది కొటేషన్లలో ఉంటుంది, కానీ కట్‌కు కొటేషన్లు తెలియవు. ఆ కామా దగ్గర కూడా కోసేస్తుంది. దాని తర్వాత ఉన్న గడులన్నీ పక్కకు జరుగుతాయి. ఊరు మూడో గడిలో, మొత్తం తర్వాత గడిలో ఉంది కాబట్టి మీరు బతికిపోయారు.

సిరిసిల్ల_అక్షరం, ఆదివారం ఉదయం 7:20

రెండు కమలాపూర్‌ల సంగతి నేను చెప్తాను. తెలుగు టెక్స్ట్‌తో పదేళ్లుగా కుస్తీ పడుతున్నాను. ఇది చదవగానే అదే అయి ఉంటుందనుకున్నాను.

ముందు ఇది చేసి చూడండి:

`ప్రింట్‌ఎఫ్ 'కమలాపూర్' | డబ్ల్యూసీ -ఎం`
`ప్రింట్‌ఎఫ్ 'కమలాపూర్' | డబ్ల్యూసీ -సి`

మొదటిది గుర్తులను లెక్కపెట్టి 8 అంటుంది, రెండోది బైట్లను లెక్కపెట్టి 24. మన కంటికి కనిపించేవి ఐదు అక్షరాలు: క, మ, లా, పూ, ర్. కంప్యూటర్లో ప్రతి గుర్తుకూ ఒక నంబరిచ్చే యూనికోడ్‌కు అవి ఎనిమిది. లాలో దీర్ఘం, పూలో కొమ్ముదీర్ఘం, చివరి పొల్లు వేరువేరుగా లెక్కకు వస్తాయి. ఆ నంబర్లను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ప్రతిదీ మూడు బైట్లు, 8 మూళ్లు 24.

ఇప్పుడు మీ ఫైల్లోని ఆ 41 లైన్లలో ఒకదాన్ని తీసి ఇదే చేయండి. 9, 27 వస్తే పొల్లు తర్వాత కనిపించని గుర్తు ఒకటి దాక్కుని ఉన్నట్టు. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పొల్లు తర్వాత వచ్చే హల్లు కింద వత్తుగా చేరకుండా ఆపడం దాని పని. "కమలాపూర్‌లో" అని సరిగ్గా రాయాలంటే అది కావాలి. గుమస్తా ఎక్కడో "కమలాపూర్‌లో" అని కొట్టి, "లో" చెరిపేసి ఉంటాడు. ఆ గుర్తు మాత్రం అక్కడే ఉండిపోయింది. కంటికి తేడా తెలియదు, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊర్లు.

హెక్స్‌డంప్‌లో (ఫైల్లోని బైట్లను కోడ్‌లుగా చూపే కమాండ్) చూస్తే తెలుగు గుర్తులు ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 తో మొదలవుతాయి. ఇది ఒక్కటే ఈ2 80 8సీ అని కనబడుతుంది.

ఒక మాట. ఫైల్ మొత్తం మీద సెడ్ (వెతికి మార్చే కమాండ్) పెట్టి దాన్ని తుడిచేయకండి. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో అది ఉండాల్సిన గుర్తు. అసలు గడిని ముట్టుకోకుండా పక్కన ఇంకో గడి పెట్టి, పోల్చడానికి శుభ్రం చేసిన పేరు అందులో ఉంచండి.

ఓరుగల్లు_టెర్మినల్, ఆదివారం ఉదయం 8:02

27! అన్నా, సరిగ్గా 27 వచ్చింది. హెక్స్‌డంప్ చివర ఈ2 80 8సీ కనబడగానే లేచి నిలబడ్డాను. రెండు రాత్రుల నుంచి వెతుకుతున్నాను. చాలా థ్యాంక్స్.

ఇదే ఊపులో ఇంకోటి దొరికింది. చివరి గడిలోని మిర్చి రకం పేర్లు, తేజ, చపాటా, ఇవి కూడా రెండేసి సార్లు వచ్చాయి. `ఫైల్ మిర్చి.సీఎస్‌వీ` అని కొడితే సీఆర్‌ఎల్‌ఎఫ్ అని చెప్పింది. కొన్ని ఫైళ్లు విండోస్ నుంచి వచ్చాయి కాబట్టి లైను చివర అదనపు గుర్తు ఉంది. `టీఆర్ -డి '\ఆర్'` తో పోయింది.

మడికొండ_డీబీఏ, ఆదివారం ఉదయం 10:45

చదువుతుంటే సంతోషంగా ఉంది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని, రెండు మాటలు చెప్పకుండా ఉండలేను.

తమ్మీ, నీ డేటా ఇక టెక్స్ట్ ఫైల్ దాటింది. ఎస్‌క్యూలైట్‌లోకి ఎక్కించు. సర్వర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒకే ఒక్క ఫైల్.

`ఎస్‌క్యూలైట్3 అడ్తి.డీబీ`
`.మోడ్ సీఎస్‌వీ`
`.ఇంపోర్ట్ మిర్చి.సీఎస్‌వీ అమ్మకాలు`

అంతే. దీనికి కొటేషన్లు తెలుసు కాబట్టి జమ్మికుంట అన్న చెప్పిన కామాల బాధ ఇక్కడ లేదు. కానీ "1,25,000"ను సంఖ్యగా మార్చేటప్పుడు జాగ్రత్త. నేరుగా కాస్ట్ చేస్తే మొదటి కామా దగ్గర ఆగిపోయి 1 అని ఇస్తుంది. లక్షా పాతిక వేలు ఒక్క రూపాయి అవుతుంది! ముందు రీప్లేస్‌తో కామాలు తీసేసి అప్పుడు కాస్ట్ చెయ్యి.

రిచర్డ్ హిప్ దీన్ని 2000లో రాశాడు. అప్పుడు ఆయన అమెరికా నౌకాదళం యుద్ధనౌకకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తున్నాడు. దాన్ని పబ్లిక్ డొమైన్‌లో వదిలేశాడు, ఎవరైనా ఎట్లాగైనా వాడుకోవచ్చు. మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లో ఇప్పుడు ఎన్ని ఎస్‌క్యూలైట్ ఫైళ్లు ఉన్నాయో లెక్కపెట్టడం కూడా కష్టం. 2050 దాకా దీన్ని చూసుకుంటామని తయారీదారులే చెప్పారు. రైతుల లెక్కలు దాచడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకా వెనక్కి పోతే 1970. ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ రిలేషనల్ మోడల్ (డేటాను టేబుళ్లుగా చూసే పద్ధతి) మీద వ్యాసం రాశాడు. అంతకుముందు డేటా ఎక్కడుంది, ఏ దారిలో పోయి తేవాలి అన్నది ప్రోగ్రామ్ రాసేవాడే చెప్పాలి. ఏం కావాలో చెప్తే చాలు, ఎట్లా తేవాలో యంత్రం చూసుకోవాలి అన్నది కాడ్ ఆలోచన. మీ మామ అడిగింది చూడు: "పరకాల దిక్కు నుంచి మాల్ తగ్గిందా?" ఏ రిజిస్టర్ తియ్యాలో, ఏ పేజీ తిప్పాలో ఆయన చెప్పలేదు. మనిషి ప్రశ్న అడిగే తీరే అది. డేటాబేస్‌ను అదే ప్రశ్న ఇట్లా అడుగుతాం:

`సెలెక్ట్ సీజన్, సమ్(బస్తాలు) ఫ్రమ్ అమ్మకాలు వేర్ ఊరు ఇన్ ('పరకాల', 'నడికూడ') గ్రూప్ బై సీజన్;`

దీని ముందు `ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్` అని పెట్టి కొట్టు. "స్కాన్ అమ్మకాలు" అంటుంది, అంటే మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదువుతోంది. ఊరు గడి మీద ఒక ఇండెక్స్ (పుస్తకం వెనుక ఉండే పదసూచిక లాంటిది) కట్టి మళ్లీ అదే అడుగు. "సెర్చ్ అమ్మకాలు యూజింగ్ ఇండెక్స్" అని మారుతుంది. మీ వరుసలకు వేగంలో తేడా తెలియకపోవచ్చు. కానీ ఆ స్కాన్ అన్న మాట సెర్చ్‌గా మారడం ఒక్కసారి కళ్లారా చూస్తే ఇండెక్స్ అంటే ఏంటో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు.

కాజీపేట_స్టూడెంట్, ఆదివారం మధ్యాహ్నం 1:15

మేడమ్, నేను నా సొంత ఫైల్‌తో చేశాను, స్కాన్ సెర్చ్‌గా మారింది! కానీ నేను ఇంపోర్ట్ వాడలేదు, ప్రోగ్రామ్‌తో ఒక్కో వరుస ఎక్కించాను. చాలా సేపు పట్టింది. టీ తాగి వచ్చినా అవ్వలేదు.

మడికొండ_డీబీఏ, ఆదివారం మధ్యాహ్నం 1:40

మొదట్లో బిగిన్, చివర్లో కమిట్ పెట్టి చూడు. అది లేకపోతే ప్రతి వరుస ఒక్కో లావాదేవీ. ప్రతిసారీ డిస్క్ మీద భద్రంగా పడిందా అని నిర్ధారించుకుని గానీ ముందుకు కదలదు. బస్తాకో ఆటో మాట్లాడుకున్నట్టు అన్నమాట. అన్నీ ఒక లారీలో వేసి పంపు.

పరకాల_టీచర్, ఆదివారం సాయంత్రం 4:30

నేను ప్రోగ్రామర్‌ని కాను, ప్రభుత్వ బడిలో టీచర్ని. పిల్లల వివరాలన్నీ నేనే చూస్తాను కాబట్టి చదువుతున్నాను. పరకాల మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. మీ ఫైల్లో జిల్లా గడి ఉందా? ఉంటే దాన్ని నమ్మకండి.

మా పరకాల 2016 అక్టోబర్ 11 ముందు వరంగల్ జిల్లా. ఆ రోజు రాష్ట్రంలో 10 జిల్లాలు 31 అయ్యాయి, మేము వరంగల్ రూరల్ అయ్యాం. 2021 ఆగస్టులో మళ్లీ మార్చారు, ఇప్పుడు హన్మకొండ జిల్లా. ఊరు ఎటూ కదల్లేదు, ఇంట్లో కూర్చున్నవాళ్లకు మూడు జిల్లాలు అయ్యాయి. కమలాపూర్ ఇంకో రకం: ముందు కరీంనగర్, తర్వాత వరంగల్ అర్బన్, ఇప్పుడు హన్మకొండ. ఖిలా వరంగల్ మండలం వరంగల్ అర్బన్‌లో ఉండి ఇప్పుడు వరంగల్ జిల్లాకు వచ్చింది. ములుగు భూపాలపల్లిలోకి పోయి, 2019 ఫిబ్రవరిలో సొంతంగా జిల్లా అయింది.

కాబట్టి "వరంగల్" అని 2015లో రాస్తే ఒక అర్థం, 2022లో రాస్తే వేరే అర్థం. పాత విద్యార్థులు సర్టిఫికెట్ల కోసం వచ్చినప్పుడు ఇదే టెన్షన్. పుట్టిన జిల్లా ఒకటి, చదివిన జిల్లా ఇంకోటి, ఇప్పటి జిల్లా మరొకటి. బడి మాత్రం అదే గోడలు, అదే వేపచెట్టు.

ఓరుగల్లు_టెర్మినల్, ఆదివారం రాత్రి 9:10

టీచర్, మీరు చెప్పకపోతే పెద్ద తప్పు చేసేవాణ్ని. నిన్న జిల్లాల వారీగా తీసి చూస్తే 2015లో వరంగల్ నుంచి వచ్చిన మాల్‌లో 2022కు సగం కూడా లేదు. మామకు చూపిస్తే ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తగ్గింది మాల్ కాదు, జిల్లా!

జిల్లా గడిని పక్కన పెట్టి వేరే టేబుల్ చేశాను. మండలం, జిల్లా, మొదలు, ముగింపు. పరకాలకు మూడు వరుసలు:

`పరకాల | వరంగల్ | 1900-01 | 2016-09`
`పరకాల | వరంగల్ రూరల్ | 2016-10 | 2021-07`
`పరకాల | హన్మకొండ | 2021-08 | నల్`

నెల వరకు చాలనుకున్నాను. మార్పులు ఆగస్టు, అక్టోబర్‌లలో జరిగాయి, కొత్త మిర్చి ఎట్లాగూ అప్పుడు రాదు. అమ్మకం తేదీ మొదలుకు, ముగింపుకు మధ్య ఉన్న వరుసతో కలపమని అడిగాను. 2021 దాకా బాగా వచ్చింది. ఆ తర్వాత ఒక్క వరుస కూడా లేదు. హన్మకొండ అన్న పేరే రాలేదు. ఎక్కడ తప్పు చేశానక్కా?

మడికొండ_డీబీఏ, ఆదివారం రాత్రి 9:48

ముగింపులో నల్ ఉంది కదా, అక్కడ. నల్ అంటే సున్నా కాదు, ఖాళీ కాదు, "తెలియదు" అని అర్థం. "ఈ తేదీ ఆ తెలియని తేదీ కన్నా ముందుదా?" అని అడిగావు. జవాబు అవును కాదు, కాదు కాదు, అదీ "తెలియదే". వేర్, అంటే షరతు, దగ్గర అవును అన్న వరుసలే లోపలికి వస్తాయి. `కోఅలెస్(ముగింపు, '9999-12')` అని రాయి, నల్ ఉన్నచోట ఆ రెండో తేదీ తీసుకుంటుంది, పని అయిపోతుంది.

ఇంకోటి చూసుకో. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేకమైన రకం లేదు, మామూలు టెక్స్టే. గుమస్తా 05-03-2022 అని మన పద్ధతిలో రాసి ఉంటే పోలిక మొత్తం తప్పుతుంది, రోజుతో మొదలుపెట్టి పోలుస్తుంది కాబట్టి. ఏడాది, నెల, రోజు వరసలోకి మార్చుకో.

టీచర్ చెప్పింది మాత్రం బంగారం లాంటి మాట. పేరును గుర్తుగా వాడకూడదని పుస్తకంలో ఒక్క లైను ఉంటుంది. పరకాలలో ఉన్నవాళ్లకు అది జీవితంలోనే తెలుసు.

హసన్‌పర్తి_పైథాన్, ఆదివారం రాత్రి 10:20

ఇదంతా పైథాన్‌లో పాండాస్‌తో (డేటా టేబుళ్లతో పని చేసే లైబ్రరీ) చేస్తే ఒకే చోట అయిపోతుంది కదా? ఇన్ని చిన్న చిన్న కమాండ్లు గుర్తుపెట్టుకోవడం ఎందుకు? ఆరు నెలల తర్వాత చూస్తే రాసినవాళ్లకే అర్థం కాదు.

ఓరుగల్లు_టెర్మినల్, ఆదివారం రాత్రి 10:52

ఆరు నెలల మాట నిజం. అందుకే నేను కొట్టిన ప్రతి లైనునూ పైన ఒక తెలుగు వాక్యంతో ఫైల్లో రాసి పెడుతున్నాను. పైథాన్ నేనూ వాడతాను. ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తుంది కాబట్టి రెండింటికీ పోటీ లేదు. కానీ మామ కుర్చీలో కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న అడుగుతుంటే ఒక లైను కొట్టి, చూసి, ఇంకో లైను కొట్టడం నాకు హాయిగా ఉంటుంది. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే జవాబు చెప్పగలగాలి.

భూపాలపల్లి_నైట్‌షిఫ్ట్, సోమవారం తెల్లవారుజామున 2:15

ఇష్టం గురించి మాట్లాడుతున్నారు, భయం గురించి కూడా ఒకటి చెప్పాలి. కొత్తగా డేటాబేస్ పట్టినవాళ్లు తప్పకుండా చదవాలి.

కొన్నేళ్ల కింద ఒక కంపెనీలో, ఇదే టైమ్. ఒక్క కస్టమర్ చిరునామా మార్చాలి. అప్‌డేట్ ఒక లైనులో రాశాను, వేర్ కింది లైనులో. మౌస్‌తో పై లైను మాత్రమే సెలెక్ట్ అయింది. రన్ కొట్టాను. "1 వరుస మారింది" అని రావాల్సిన చోట ఆరంకెల సంఖ్య వచ్చింది. చేతులు చల్లబడ్డాయి. అందరి చిరునామా ఒకటే అయిపోయింది. బ్యాకప్ నుంచి తిరిగి ఎక్కించేసరికి తెల్లారింది. లీడ్‌కు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. దాచాలని చూసి ఉంటే ఇంకా పాడయ్యేది.

అప్పటి నుంచి నా పద్ధతి మారలేదు. ముందు బిగిన్. తర్వాత అదే వేర్‌తో సెలెక్ట్, ఎన్ని వస్తున్నాయో చూస్తాను. బాణం పైకి నొక్కి ఆ లైనునే అప్‌డేట్‌గా మారుస్తాను, వేర్ మళ్లీ కొట్టను. మారిన సంఖ్య సెలెక్ట్ చెప్పిన సంఖ్యతో సరిపోతేనే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్, అంటే అంతా వెనక్కి.

అన్నా, మీ అడ్తి.డీబీని ఎవరైనా వాడుతుండగా ఊరికే కాపీ చేయకండి. సగం రాసిన స్థితిలో కాపీ అయితే ఆ ఫైల్ పనికిరాదు. వాల్ మోడ్‌లో ఉంటే కొత్త మార్పులు పక్కన ఉన్న వాల్ ఫైల్లో ఉంటాయి, మీరు దాన్ని వదిలేస్తారు. ఎస్‌క్యూలైట్ లోపలి నుంచి `.బ్యాకప్` కొట్టండి.

సిరిసిల్ల_అక్షరం, సోమవారం ఉదయం 8:40

చిన్న చిట్కాలు అడిగారు కదా, నేను రోజూ వాడేవి చెప్తాను. కంట్రోల్ ఆర్ నొక్కి పాత కమాండ్‌లో గుర్తున్న ముక్క కొడితే మొత్తం లైను వస్తుంది. `సీడీ -` కొడితే ఇంతకుముందున్న ఫోల్డర్‌కు పోతాం. ఆల్ట్, చుక్క కలిపి నొక్కితే కిందటి కమాండ్‌లోని చివరి మాట ఇక్కడికి వస్తుంది, పొడుగు ఫైల్ పేర్లకు ప్రాణం లేచివస్తుంది. పైప్ మధ్యలో `టీ` పెడితే డేటా తెర మీదికీ పోతుంది, ఫైల్లోకీ పోతుంది.

తెలుగువాళ్లకు ఒకటి: చాలా లినక్స్ సిస్టమ్‌లలో కట్ -సి అక్షరాలను కాదు, బైట్లను కోస్తుంది. తెలుగు మాట మీద వాడితే గుర్తు మధ్యలో తెగి ప్రశ్నార్థకాలు మిగులుతాయి. గడుల వారీగా కోసే -ఎఫ్ వాడుకోండి.

జమ్మికుంట_లెక్కలు, సోమవారం ఉదయం 9:25

పాస్‌వర్డ్‌ను కమాండ్ లైనులో ఎప్పుడూ కొట్టకండి, హిస్టరీలో అట్లాగే ఉండిపోతుంది. రైతుల ఖాతా నంబర్లున్న ఫైల్‌కు `సీహెచ్‌మాడ్ 600` పెట్టండి, మీరు, ఆ కంప్యూటర్ అడ్మిన్ తప్ప వేరేవాళ్లు తెరవలేరు. అవి వాళ్ల నంబర్లు, మనవి కావు.

ఓరుగల్లు_టెర్మినల్, మంగళవారం రాత్రి 9:30

600 పెట్టాను అన్నా. మామ మొదటి ప్రశ్నకు జవాబు వచ్చింది. జిల్లాల తికమక తీసేసి చూసినా పరకాల దిక్కు నుంచి నిజంగానే తగ్గింది, ఆయన అంచనా తప్పు కాదు. వెంటనే రెండోది అడిగాడు: "పోయినేడు మన దగ్గరికి వచ్చి ఈయేడు రానోళ్లు ఎవరు?"

దుకాణం చిట్టాలో ప్రతి రైతుకూ ఖాతా నంబరు ఉంది. పోయినేడు ఉన్న ఖాతాల్లో ఈయేడు జాబితాలో లేనివి ఇవ్వమని నాట్ ఇన్ తో అడిగాను. ఒక్కటీ రాలేదు. "అందరూ వచ్చిండ్రు మామా" అన్నాను. మామ తల ఊపాడు. "అట్లెట్ల? ఖాళీ జాగా కనబడ్తలేదా" అని యార్డు వైపు చూపించాడు.

మడికొండ_డీబీఏ, మంగళవారం రాత్రి 9:55

మళ్లీ నల్. ఈయేడు అమ్మకాల్లో ఖాతా నంబరు లేని వరుస ఒకటైనా ఉంటుంది చూడు.

ఓరుగల్లు_టెర్మినల్, మంగళవారం రాత్రి 10:08

ఉంది అక్కా. ఒక్కటే. ఖాతా లేకుండా చిల్లరగా తెచ్చిన రెండు బస్తాలు. ఖాళీగా ఉన్న గడులను నల్‌గా మార్చింది నేనే.

మడికొండ_డీబీఏ, మంగళవారం రాత్రి 10:20

ఆ ఒక్కటే చాలు. 118 నంబరు ఈయేడు జాబితాలో లేదా అని అడిగావనుకో. మిగతావాటితో పోల్చి లేదు అంటుంది, నల్ దగ్గరికి వచ్చి "ఈ తెలియనిది 118 కూడా కావచ్చు కదా" అని ఆగిపోతుంది. ఏ రైతు గురించీ గట్టిగా "రాలేదు" అని చెప్పలేదు. అందుకే జాబితాలో ఒక్క పేరూ పడలేదు. నాట్ ఎగ్జిస్ట్స్ తో రాయి. నేను నాట్ ఇన్ రాయడం ఎప్పుడో మానేశాను.

కాజీపేట_స్టూడెంట్, మంగళవారం రాత్రి 10:41

అన్నా, నేను మొన్ననే `కామ్` కమాండ్ నేర్చుకున్నాను. రెండు జాబితాలనూ సార్ట్ చేసి `కామ్ -23 పోయినేడు ఈయేడు` అని కొడితే మొదటిదాంట్లో మాత్రమే ఉన్నవి వస్తాయి. దాంతో కూడా తీసి రెండు లెక్కలూ సరిపోతాయేమో చూస్తారా?

ఓరుగల్లు_టెర్మినల్, బుధవారం రాత్రి 8:50

తమ్మీ, నాట్ ఎగ్జిస్ట్స్ 37 మందిని ఇచ్చింది. నువ్వు చెప్పిన కామ్ కూడా 37. రెండు దారుల్లో పోయి ఒకే ఇంటికి చేరాం. చాలా మంచి ఆలోచన.

జాబితా ప్రింట్ తీసి మామకు ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి చదువుతూ పోయాడు. ప్రతి పేరూ ఆయనకు తెలుసు. మూడో పేరు దగ్గర ఆగి పెన్ను అడిగాడు. పక్కన "పత్తికి మారిండు" అని రాశాడు. ఐదో పేరు పక్కన "బిడ్డ పెండ్లి, ముందే అమ్ముకుండు." పదకొండో పేరు దగ్గర చాలాసేపు ఆగి, "రేపు ఫోన్ చెయ్యాలె" అని రాశాడు. అర్ధగంటలో కాగితం నిండిపోయింది. ఇది నా ఏ ఫైల్లోనూ లేదు. అక్కా, ఈ కారణాలను డేటాబేస్‌లో ఎక్కడ పెట్టాలి?

మడికొండ_డీబీఏ, బుధవారం రాత్రి 9:12

రైతులు టేబుల్‌కే ఒక గడి కలపకు, ఏడాదికో కారణం మారుతుంది. కొత్త టేబుల్ చెయ్యి: ఖాతా, సీజన్, కారణం, ఎప్పుడు రాశారు. మామ రాసిన మాటను మార్చకుండా ఆయన భాషలోనే పెట్టు. ముందు బ్యాకప్ తీసుకో.

ఓరుగల్లు_టెర్మినల్, బుధవారం రాత్రి 9:47

బ్యాకప్ అయింది. టేబుల్ అయింది. మామ పక్కనే కూర్చుని చెప్తుంటే మొదటి వరుస కొట్టాను: 118, ఈ సీజన్, "పత్తికి మారిండు". ఇంకా 36 ఉన్నాయి, వాళ్ల కథలు ఒక్కొక్కటీ చెప్తున్నాడు. టీ పెట్టించాడు.